రుమాలు బేరం

ప్రొడక్షన్ మేనేజరు అంటే ఏం చేస్తాడని అడిగినవాళ్ళకు నేను ఇన్నేళ్ళూ ఒకటే మాట చెప్పాను. దర్శకుడు సముద్రం కావాలంటే చెరువు చూపించాలి. ఆ చెరువును చేపలకు గుత్త పట్టినవాడి దగ్గర దాన్ని బురదగుంట అనాలి. సాయంత్రానికి ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికి పోయేటట్టు చూడాలి. ఇంతకుమించి ఈ వృత్తిలో వేదాంతం లేదు.

రిటైరయ్యాను కనుక ఇప్పుడు నిజాలు రాసినా ఎవరూ పని ఇవ్వడం మానేయరు. ఎవరెవరితో ఫొటోలు దిగానో, ఏ సినిమా ఎన్నాళ్ళు ఆడిందో ఇక్కడ ఉండదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొచ్చేది ఒక్క సినిమాలోనే దాదాపు అంతా ఉంది. దాని పేరు 'రెండు సలాములు'. అందులో నేను బేరమాడిన ప్రతి వస్తువూ నన్ను చూసి నవ్వింది.

దుకాణం చదువు

మాది కోరుట్ల. కిరాణా దుకాణం. బెల్లం బుట్టకూ ఎండుమిర్చి బస్తాకూ మధ్య పెరిగాను. పెద్దనాన్నది జగిత్యాలలో ఇత్తడి సామాన్ల దుకాణం, మేనమామది సిరిసిల్లలో బట్టల దుకాణం. బడి సెలవులకు ఎక్కడికి పంపినా ఎవరిదో ఒకరి గల్లా పక్కన కూర్చోవడమే నాకు విహారయాత్ర. సినిమాల్లోకి వెళ్ళాక కూడా ఆ వాసన పోలేదు కాబోలు, లైట్‌బాయ్ మొదలు నిర్మాత దాకా అందరూ నన్ను 'సేటు' అనే పిలిచారు.

మా నాయనకు ఒక అలవాటు. కొత్త మనిషి గడప ఎక్కితే ఏం కావాలని అడిగేవాడు కాదు. "ఎవలింటోళ్ళు?" అని అడిగేవాడు. ఫలానా ఇంటివాళ్ళమని చెప్పగానే ఆ ఇంటికి ఏ ఇల్లు వియ్యమో, ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆయన కళ్ళ ముందు పటంలా కనిపించేది. ఒకసారి ఒక పెళ్ళివారి చక్కెర బస్తాను నేను దారినపోయే బండిమీద వేసి పంపబోతే చెయ్యి పట్టి ఆపాడు. "గా బండాయిన ఎవలింటోడో ఎరికేనా? పిలగాని మేనమామ. ఆయినను లగ్గానికి పిలువలే. ఆయిన బండి మీద లగ్గం చక్కెర పంపుతవారా?" అన్నాడు.

నాకు అదంతా వృథా మాటగా ఉండేది. నేను మొదలు ధర అడిగే రకం. మధ్యలోనూ, చివరా కూడా ధరే అడిగేవాణ్ణి.

హైదరాబాదులో నాకు పని నేర్పిన పాపారావు గారు ఇంకో రకం. ఆయన అరుపు స్టూడియో గేటు దాకా వినపడేది. నలుగురైదుగురు పెద్దల దగ్గర పనిచేసి చూశాను కాబట్టి చెబుతున్నాను, అరిచే పెద్దమనిషి అంత ప్రమాదకారి కాడు, మెల్లగా మాట్లాడేవాడి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. పాపారావు గారు నేర్పినవాటిలో నిలిచింది ఒక్కటే. జనానికి అన్నం ఆలస్యం కాకూడదు. మిగతావన్నీ ఆలస్యమైనా సర్దుకుంటాయి. ఆ ఒక్కటీ పాటించి చాలాచోట్ల దెబ్బలు తప్పించుకున్నాను.

సిరిసిల్ల ఎరుపు

'రెండు సలాములు' తెల్లదొరల కాలం నాటి యుద్ధం కథ. హీరో వాళ్ళ సైన్యంలో సుబేదారు. అతని ఊరే దొరల మీద తిరగబడుతుంది. ఊరిని అణచమని అతన్నే పంపుతారు. పొద్దున దొరకు ఒక సలాం, రాత్రి మనసులో ఊరికి ఒక సలాం, అదీ పేరు. కథ జరిగేది ఎక్కడో మన్యంలో. గుట్టలు మాత్రం మా కోరుట్ల పక్క మేడిపల్లి అవతలివి. సినిమాలో మనుషులే కాదు, ఊళ్ళు కూడా వేషం కడతాయి.

సిపాయిలకు ఎర్రకోట్లు కావాలి. కాస్ట్యూమ్స్ చూసే అమ్మాయి ఉన్నిబట్ట అడిగింది. ఆ కాలంలో అదే వాడేవారట. మే నెలలో మా గుట్టల మధ్య ఉన్నికోటు వేస్తే తిరుగుబాటుదారుల అవసరం లేకుండానే సైన్యం పడిపోతుందని చెప్పి, సిరిసిల్ల దారి పట్టాను. తంగళ్ళపల్లిలో కనకయ్య అని ఒక ఆసామి, అంటే సొంత సాంచాలు, అదే మరమగ్గాలు, పెట్టుకుని బట్ట నేయించేవాడు, మా మేనమామకు పాత పరిచయం. మందపాటి నూలుబట్ట ఎర్రగా అద్దించి ఇస్తానన్నాడు. ధర దగ్గర మేమిద్దరం ఒక పూటంతా కూర్చున్నాం. చాయ్ తాగాం, మళ్ళీ తాగాం, నేను లేచి గడప దాకా పోయి వెనక్కి వచ్చాను, ఆయన బట్ట మడిచి లోపల పెట్టి మళ్ళీ తెచ్చాడు. ఇవన్నీ బేరంలో భాగమే. చివరికి నా మాటకే దిగాడు. పోయేటప్పుడు గుర్తొచ్చి అడిగాను.

"రంగు పోదు గద కనకన్నా?"

"నీళ్ళల్ల ఏసి గుంజినా పోదు సేటు."

మనిషి అబద్ధం ఆడలేదు. నీళ్ళలో పోలేదు. చెమటలో పోయింది. మొదటిరోజు మిట్టమధ్యాహ్నం సిపాయిలు కోట్లు విప్పితే మెడలూ వీపులూ కుంకుమ పూసినట్టు ఉన్నాయి. చూడవచ్చిన ఒక తల్లి "అయ్యో నా కొడుకును సంపిండ్రు" అని శోకం మొదలుపెట్టింది. ఆ కొడుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

కనకయ్యకు ఫోన్ చేస్తే ఆయన కొంచెం కూడా తడబడలేదు. "ఉప్పునీళ్ళల్ల ఒక రాత్రి నానెయ్యి సేటు, రంగు గట్టిగ వట్టుకుంటది. గంత గుంజి గుంజి బేరంజేస్తివి, జర ఉప్పు నువ్వే కొనుక్కో" అన్నాడు. ఉప్పు కొన్నాను. నానబెట్టాను. రంగు నిలిచింది. నాకు నేను శభాష్ అనుకున్నాను.

రెండో రోజు గుర్రాలు వచ్చాయి.

పెళ్ళి గుర్రాలు

గుర్రాలను సినిమా గుర్రాలు తెచ్చేవాళ్ళ దగ్గర తీసుకోవాలి. అవి తుపాకి చప్పుడుకు బెదరవు. కానీ అవి ఎంత దూరం నుంచి రావాలో, ఎంత ఖర్చో చూసి నా దుకాణం బుద్ధి మేల్కొంది. కరీంనగర్‌లో బరాత్‌లకు గుర్రాలు పంపేవాళ్ళను పట్టుకున్నాను. అవి ఆ వారం లగ్గాలు లేక ఖాళీగా ఉన్నాయి. మంచి బలమైన గుర్రాలు, మెరిసే తోకలు. చూసి దర్శకుడు కూడా మెచ్చుకున్నాడు.

షాట్‌లో యుద్ధభేరి మోగాలి, గుర్రాలు దూకాలి. భేరి మోగింది. గుర్రాలు ఆడాయి. ముందుకాళ్ళు ఎత్తి, నడుము తిప్పి, ఒక అడుగు ముందుకూ ఒక అడుగు వెనక్కూ, బరాత్‌లో ఎట్లా ఆడతాయో అట్లాగే. పైన కత్తులు దూసిన తెల్లదొరల రౌతులు, కింద తీన్మార్. భేరి ఆపితే గుర్రాలు ఆగి, ముందు వరసలో ఉన్న సిపాయిల వీపులు నాకడం మొదలుపెట్టాయి. ఉప్పు కదా మరి.

దొర కెప్టెన్ వేషం వేసింది పోలండ్ నుంచి హైదరాబాదు వచ్చి చదువుకుంటున్న ఒక కుర్రాడు. ఊరంతా అతన్ని "దొరా" అనే పిలిచింది. సర్వపిండి రుచి మరిగి ఏ ఇంటి ముందు పొయ్యి వెలిగినా నిలబడిపోయేవాడు. ఆ రోజు గుర్రం మీదనుంచి దిగలేక నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. దర్శకుడు మాత్రం నవ్వలేదు. మెల్లగా, "సేటు గారూ, ఇది యుద్ధమా, పెళ్ళా?" అన్నాడు. మెల్లగా మాట్లాడేవాళ్ళ గురించి పైన చెప్పాను కదా.

భేరిని తర్వాత కలుపుకుందామని, నిశ్శబ్దంలో గుర్రాలను ఉరికించి ఎట్లాగో ఆ షాట్ తీశాం. తీరా చూస్తే అద్భుతంగా వచ్చింది. ఎర్ర దుమ్ములోంచి గుర్రాలు పైకి లేస్తున్నట్టుంటుంది. నా జన్మలో నేను ఏర్పాటు చేసిన షాట్లలో అంత అందమైంది లేదు. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఊరంతా ఒకే బేరం

గుర్రాలకంటే ముందే కుదిర్చిన బేరం ఇంకొకటి ఉంది. జనం కావాలి. సగం మంది సిపాయిలు, సగం మంది తిరుగుబాటుదారులు. హైదరాబాదు నుంచి తెస్తే బస్సులూ బసలూ. నేను మేడిపల్లి అవతలి ఊరొకదానిలో రాజలింగం అనే పెద్దమనిషిని పట్టుకుని ఊరంతా కలిపి ఒకే బేరం చేశాను.

రాజలింగం రైతు. ఎత్తు మనిషి. మీసం ఉంది, ఆ మీసానికి తగిన గొంతు ఉంది. తలకు ఎర్రంచు రుమాలు చుడతాడు. మా వైపు రుమాలంటే జేబులోది కాదు, తలపాగా. నాకు సరిజోడు బేరగాడు.

"నీకు ఎంతమంది గావాలె సేటు?"

"నీ ఊళ్ళె ఎంతమంది ఉన్నరు?"

"అందరొస్తరు. గని ఒకటి. నన్ను మొదలు సంపద్దు. సస్తే ఆఖరికి సస్త."

ఒప్పుకున్నాను. ఊరిపెద్ద వేషం వేయాల్సిన నటుడు ఎండకు తాళలేక వెనక్కి పోతే, ఆ వేషం కూడా రాజలింగానికే ఇప్పించాను. మాటలు లేవు, మీసం చాలు. నా బేరంలో కొసరు అనుకున్నాను.

మా నాయన అడిగే ప్రశ్న ఒక్కటి ఆ రోజు అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఒక ఊరిని గంపగుత్తగా తెచ్చామంటే ఏం తెచ్చినట్టు? బావలను, బామ్మర్దులను, మేనమామలను, అల్లుళ్ళను, వియ్యంకులను తెచ్చినట్టు. దర్శకుడు వచ్చి పొడుగువాళ్ళను ఇటు, పొట్టివాళ్ళను అటు నిలబెట్టాడు. పొడుగువాళ్ళు సిపాయిలు, పొట్టివాళ్ళు తిరుగుబాటుదారులు. చుట్టరికాలు పొడుగును బట్టి ఉండవు కదా.

యుద్ధం మొదలైంది. ఒక సిపాయి తుపాకి మడమతో ఒక ముసలాయన్ని నెట్టి, వెంటనే వంగి, "మామా, తాకిందా?" అన్నాడు. ఇంకొకడు శత్రువును పొడవబోయి ఆగి, "నువ్వు అక్క మగనివి, నిన్నెట్ల పొడుస్తనే బావా? గా ఎంకటిని పొడుస్త, వాడు నాకేంగాడు" అన్నాడు. ఆ ఎంకటి, "నేనేంగానా? మొన్న మీ చిన్నాయిన బిడ్డను జేసుకున్నోడు ఎవడురా?" అని అక్కడే పంచాయితీ పెట్టాడు. చచ్చిపోయి పడుకున్న ఒకాయన లేచి వచ్చి తీర్పు చెప్పాడు.

కెమెరా పక్కన అమ్మలక్కలు కడుపులు పట్టుకుని నవ్వారు. సినిమా మొత్తం ఇదే కథ కదా, సొంతవాళ్ళ మీద తుపాకి ఎత్తలేకపోవడం, అని నాకు అప్పుడు తట్టలేదు. అన్నం టైమైందనే తట్టింది.

రుమాలు నేల మీద

మధ్యాహ్నం తర్వాత ముఖ్యమైన సీను. దొరలు ఊరి ధాన్యం పట్టుకుపోవడానికి వస్తారు. ఊరిపెద్ద ధాన్యపు గదికి అడ్డం నిలబడతాడు. ఒక సిపాయి అతని తలపాగాను తుపాకితో కొట్టి పడగొట్టి, దాని మీంచి బూటుకాలితో నడిచి లోపలికి పోవాలి. దర్శకుడు వరసంతా చూసి ఒక కుర్రాణ్ణి ఎంచాడు. పొడుగ్గా, నిటారుగా ఉన్నాడు. పేరు గంగాధర్. దుబాయిలో పనిచేస్తూ చుట్టీ మీద ఇంటికి వచ్చాడు.

"నేను జెయ్య సార్. ఇంకోన్ని వెట్టుండ్రి," అన్నాడు గంగాధర్.

దర్శకుడు నా వైపు చూశాడు. నేను గంగాధర్ భుజం మీద చెయ్యి వేసి, "ఉత్తుత్తిదే గద తమ్మీ, సినిమా" అన్నాను. అతను రాజలింగం వైపు చూశాడు. రాజలింగం కూడా వేషం మత్తులో ఉన్నాడు, "కానియ్యిరా" అన్నాడు. కానిచ్చాం. రుమాలు ఎగిరి దుమ్ములో పడింది. బూటు దాని అంచు మీద పడి ముందుకు పోయింది. ఒకే టేకు. నేను చప్పట్లు కొట్టాను.

నా ఒక్కడి చప్పట్లే వినపడ్డాయి.

రాజలింగం వంగి రుమాలు తీసుకోలేదు. బోడితలతో నడిచి ఇంటికి పోయాడు. నీళ్ళ బిందెతో జనంలో నిలబడ్డ అమ్మాయి ఒకతి బిందె దించి ఏడుపు ఆపుకుంటోంది. అప్పుడు అడిగాను పక్కనున్న ముసలామెను, ఈ పిల్ల ఎవలింటిదని.

"రాజలింగం బిడ్డ లావణ్య. గీ గంగాధర్‌కే ఇచ్చేది. మొన్ననే పూలుపండ్లు అయినయి. గది గూడ అడుగకుంటనే నిలవెట్టినవా సేటు?"

పూలుపండ్లంటే నిశ్చితార్థం. అల్లుడు కాబోయేవాడు ఊరందరి ముందూ మామ రుమాలును తొక్కి దాటాడు. నేను చప్పట్లు కొట్టాను.

రాజలింగం అరుగు మీద

సాయంత్రం రాజలింగం ఇంటికి పోయాను. గంగాధర్ అప్పటికే అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. క్షమించమని అడిగాడు, కాళ్ళు కూడా పట్టుకోబోయాడు. రాజలింగం కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"నీ మీద కోపం లేదురా. వాళ్ళు జెయ్యుమన్నరు, నేనూ కానియ్యిమన్న, నువ్వు జేసినవు. గని రుమాలు నలుగురి ముంగట వడ్డది. నలుగురి ముంగటనే లేవాలె. రేపు టాకీసుల పడుతది. నీకు ఒక కొడుకు వుడితే, మా నాయిన మా తాత రుమాలు ఎట్ల తొక్కిండో సూడుండ్రని అందరికి సూపిస్తడు. గంత దూరం సూసినవా? గందుకే, లగ్గం సంగతి ఇప్పుడు మాట్లాడకు."

నేను మొదలుపెట్టాను. రుమాలు కొత్తది తెప్పిస్తానన్నాను. వేషం పెంచుతానన్నాను. ఆయన చావును ఇంకా వెనక్కి జరిపిస్తానన్నాను. నా దగ్గరున్న సరుకంతా ఒక్కొక్కటే తీసి ముందు పెట్టాను. ఆయన దేన్నీ ముట్టలేదు. బేరంలో ఎదుటివాడు ధర తగ్గిస్తే సంబరం, పెంచితే కూడా ఏదో ఒకటి చేయవచ్చు, అసలు వస్తువే అమ్మనంటే మాత్రం ఏమీ చేయలేం. అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

గడప దాటుతుంటే లావణ్య వెనకే వచ్చింది. "సేటు మామా, నువ్వు బాపుతోని బేరం జెయ్యకు. సినిమావోళ్ళతోని జెయ్యి" అంది.

పిల్లలారా, నా ముప్ఫైచిల్లర ఏళ్ళ అనుభవంలో ఇంతకంటే మంచి సలహా ఏ నిర్మాతా ఇవ్వలేదు. నేను తప్పు దుకాణం ముందు నిలబడ్డాను.

కొసరు

దర్శకుడితో బేరానికి ఒక పద్ధతి ఉంది. ఊరివాళ్ళు ఒప్పుకోవడం లేదని చెప్పకూడదు. చెబితే ఆయనకు పట్టుదల వస్తుంది. నేను గంగాధర్‌ను వెంటబెట్టుకుని వెళ్ళి, "ఈ సిపాయి ఏమనుకుంటున్నాడో వినండి సార్" అన్నాను.

గంగాధర్ అన్నాడు. "సార్, మీ సిపాయి నౌకరికి వోయిండు. నేను గూడ గంతే. పరాయి దేశంల పొద్దుగాల లేసి సలాం గొడ్త, చెప్పింది జేస్త. గది తప్పని నేననుకోను. ఇంట్ల పొయ్యి ఎలుగాలె గద. గని మా మామ రుమాలు తొక్కుమంటె, గప్పుడు మాత్రం సలాం గొట్టి ఇడిసిపెట్టి అస్త సార్. ఎవ్వడైన అస్తడు. మీ సిపాయి ఎందుకు రాడు?"

దర్శకుడు కుర్చీలో వెనక్కి వాలాడు. "బాగుంది. కానీ ఇప్పుడే ఒక సిపాయి ఎదురు తిరిగితే చివర్లో నా హీరోకి ఏం మిగులుతుంది?"

ఇది నాకు తెలిసిన భాష. "ఎదురు తిరగడు సార్. రుమాలు పడగొడతాడు. తొక్కడు. తీసి, దులిపి, మామ నెత్తిన పెట్టి, మళ్ళీ వచ్చి వరసలో నిలబడతాడు. దొర చెంపదెబ్బ తింటాడు. అది హీరో చూస్తాడు. మీ హీరో మనసులో మొదటి ముల్లు అక్కడే గుచ్చుకుంటుంది. క్లోజప్పు మీకు కొసరు."

ఆయన స్క్రిప్టు తెరిచి ఆ పేజీ మడత పెట్టాడు. తర్వాత నవ్వి, "సేటు గారూ, మీరు నాకు ఏదో అమ్ముతున్నారు" అన్నాడు.

"అమ్ముడు కాకపోతే వాపసు తీసుకుంటాను సార్," అన్నాను.

మరునాడు పొద్దున రాజలింగం వచ్చాడు. కూతురే లాక్కొచ్చిందని తర్వాత తెలిసింది. గంగాధర్ తుపాకి ఎత్తాడు, ఎత్తినవాడు అట్లాగే నిలబడిపోయాడు. మళ్ళీ పడగొట్టడానికి చెయ్యి రావడం లేదు. ఎండ ఎక్కుతోంది. జనంలోంచి లావణ్య గొంతు లేచింది.

"ఓ సిపాయీ, కొడుతవో దించుతవో జల్ది తేల్చు! గీ బిందె మోసి మోసి నా నెత్తి బొప్పి గట్టింది!"

అందరూ పగలబడి నవ్వారు. రాజలింగం మీసం కింద కూడా ఏదో కదిలింది. ఆ నవ్వు తగ్గాక గంగాధర్ చేశాడు. రుమాలు పడింది. అతను తుపాకి పక్కన పెట్టి మోకాలి మీద కూర్చున్నాడు. రుమాలును రెండు చేతులా తీసి, దుమ్ము దులిపి, కళ్ళకద్దుకుని మామ తలకు చుట్టాడు. చుట్టడం సరిగ్గా రాలేదు. రాజలింగం తనే ఒక చుట్టు సర్దుకున్నాడు. గంగాధర్ వెనక్కి నడిచి వరసలో నిలబడ్డాడు. మా పోలండ్ దొర వచ్చి చెంప మీద ఒక్కటిచ్చాడు. అతను పాపం గట్టిగా కొట్టాలని కాదు, చెయ్యి గట్టిగానే తగిలింది.

"ఏయ్!"

అది స్క్రిప్టులో లేదు. రాజలింగం ముందుకు దూకాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. ఆయన వెనక ఊరంతా ఒక అడుగు ముందుకు వేసింది, తిరుగుబాటుదారులే కాదు, ఎర్రకోట్ల సిపాయిలు కూడా. దొర నిజంగానే భయపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

కట్ అన్నాక దొర పరుగెత్తుకెళ్ళి గంగాధర్‌ను కౌగిలించుకుని సారీ చెప్పాడు. లావణ్య వాళ్ళ అమ్మ దొరకు ఆ పూట సర్వపిండి పెట్టలేదు. మరునాడు పెట్టింది.

నేను రాజలింగం దగ్గరికి చేతులు నలుపుకుంటూ వెళ్ళాను. "రుమాలు లేచింది గద. ఇగ లగ్గం?"

"సినిమావోళ్ళు కోసి పారేస్తరు," అన్నాడు. "ఎనుకట మా వడ్లు ఫొటో తీస్కపోయిండ్రు టీవీల ఏస్తమని. నా మీసమొక్కటే సూపెట్టి మిగిలిందంత కోసిండ్రు. టాకీసుల నా కండ్లతోని సూసినంక మాట్లాడ్త."

కోయనివ్వనని ఆయనకు మాటిచ్చాను. గంగాధర్ చుట్టీ అయిపోయింది. లగ్గం కుదిరీ కుదరకుండా దుబాయి విమానం ఎక్కాడు.

గుర్రాలు పోయాయి

రాజలింగం అనుమానం వృథా పోలేదు. హైదరాబాదులో ఎడిటింగ్ జరుగుతుంటే సినిమా పొడుగైందని నిర్మాత పట్టుబట్టాడు. "ఈ రుమాలు సీనులో హీరోకు ఒక్క క్లోజప్పే ఉంది. మిగతా అంతా ఎవరో జూనియర్ ఆర్టిస్టులు. తీసేయండి," అన్నాడు. ఎడిటరు చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది.

మేనేజరుకు ఎడిటింగ్ గదిలో నోరు ఉండదు. నిర్మాత నాకు జీతమిచ్చే మనిషి. రాజలింగానికి నేను మాటిచ్చిన మనిషిని. అప్పుడు నాకు ఆ సుబేదారు కష్టం అర్థమైంది. ఏడ్వడానికి టైము లేదు కనుక బేరం మొదలుపెట్టాను.

"ఎంత తగ్గాలి సార్?"

నిర్మాత చెప్పాడు.

"అయితే గుర్రాలు తీసేయండి."

ఎడిటరు తిరిగి చూశాడు. "సేటూ, ఆ గుర్రాల షాటు మీదే కదా? అది చూపించి ఊరంతా డప్పు కొట్టుకున్నారు."

"నాదే. అందుకే వాపసు తీసుకుంటున్నాను. గుర్రాలు ఏ సినిమాలోనైనా ఉరుకుతాయి సార్. కాబోయే అల్లుడు మామకు రుమాలు చుట్టడం ఇంకే సినిమాలో ఉంది? గుర్రాలను చూడ్డానికి గుర్రాలు టికెట్టు కొనవు. ఆ ఊళ్ళు కొంటాయి."

నిర్మాతకు చివరి ముక్క నచ్చింది. నా గుర్రాలు పోయాయి. పెళ్ళిళ్ళకు ఆడే గుర్రాలు, చివరికి ఒక పెళ్ళికే పనికొచ్చాయి అని సమాధానపడ్డాను. నిజం చెప్పాలంటే పూర్తిగా సమాధానపడలేదు. ఆ దుమ్ములోంచి లేచే తోకలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. మీరు ఈ పనిలోకి వస్తే, మీరు చేసినవాటిలో చాలా అందమైనది తెరమీదికి రాదు. అన్నం తినడం మానకండి.

కోరుట్ల టాకీసు

విడుదలనాడు కోరుట్లలో మొదటి ఆటకు రాజలింగం ఊరు ఊరంతా ఆటోల్లో, ట్రాక్టర్ల మీద దిగింది. సిరిసిల్ల నుంచి కనకయ్య తన ఎర్రబట్ట చూసుకోవడానికి వచ్చి, "రంగు సూడు సేటు, ఎట్ల నిలబడ్డదో" అని నన్ను పొడిచాడు. రాజలింగం కొత్త రుమాలు చుట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. అటుపక్క లావణ్య. నేను సీను ఉందని ఆయనకు చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాదు, కళ్ళతో చూస్తానన్నాడు కదా.

ధాన్యపు గది తెరమీదికి రాగానే లావణ్య ఫోను తీసి దుబాయికి వీడియో కాల్ పెట్టి తెర వైపు పట్టుకుంది. టాకీసులో తెరను ఫోనులో చూపించడం నేరం. సినిమావాడిగా నేను ఆ ఫోను లాక్కోవాలి. పక్కగోడమీద తిరుగుతున్న ఫ్యానును శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాను.

రుమాలు పడింది. హాలంతా "అర్రె" అంది. సిపాయి మోకాలి మీద కూర్చున్నాడు. దులిపాడు. కళ్ళకద్దుకున్నాడు. చుట్టాడు. పెద్దమనిషి ఒక చుట్టు సర్దుకున్నాడు. చెంపదెబ్బకు హాలు మూలిగింది. "ఏయ్!" అని తెరమీద రాజలింగం దూకగానే ఈలలు మొదలయ్యాయి.

మా ముందు వరసలో ఎవరో, మాకు తెలియని మనిషి, పక్కవాణ్ణి అడిగాడు. "గా సిపాయి ఎవలింటోడురా?"

మా నాయన ప్రశ్న. నేను రాజలింగం వైపు తిరిగాను.

రాజలింగం ముందుకు వంగి ఆ మనిషి భుజం తట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంటోడు," అన్నాడు.

అప్పటిదాకా తెర వైపు ఉన్న లావణ్య ఫోను మెల్లగా తండ్రి వైపు తిరిగింది.